పాఠం పేరు చెప్పకూడదు

నేను బడిపిల్లలకు పాఠాలు చెప్పి బతకలేదు. బడిపిల్లలకు పాఠాలు చెప్పబోయేవాళ్ళ వెనకాల, చివరి బెంచీలో కూర్చుని బతికాను. అనంతపురంలో ఒక ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో సైన్సు బోధనా పద్ధతులు చెప్పడం నా ఉద్యోగం. డిగ్రీ చదువుతూనే టీచరు పట్టా కూడా సంపాదించుకునే కోర్సులో చేరినవాళ్ళు నా చేతికి వచ్చేవారు. ఏడాదిలో కొన్ని నెలలు వాళ్ళను పల్లె బడులకు పంపి, వాళ్ళు పాఠం చెబుతుంటే వెనక కూర్చుని చూసి, ఎక్కడ తప్పారో రాసి ఇచ్చేవాణ్ణి. కష్టమైన పనేమీ కాదు. బెంచీ మాత్రం ఏడో తరగతి పిల్లల కొలతకు చేసింది. మోకాళ్ళ నొప్పులు ఎలా వచ్చాయని డాక్టరు అడిగితే వృత్తి జబ్బు అని చెబుతుంటాను. ఆయన నమ్మడు.

ఈమధ్యే రిటైరయ్యాను. ఆ కోర్సులో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, "సార్, ట్రైనింగులో ఏముంటాది?" అని అడుగుతున్నారు. పుస్తకాల్లో ఉన్నది వాళ్ళెలాగూ చదవరు. పుస్తకాల్లో లేనిది రాస్తే చదువుతారేమోనని ఆశ.

పొడుపుకథ

మా వృత్తిలో అన్నిటికన్నా పవిత్రమైన సూత్రం ఒకటుంది. పాఠం పేరు టీచరు చెప్పకూడదు. పిల్లలకు తెలిసిన సంగతుల మీద నాలుగైదు ప్రశ్నలు వేసి, ఆ పేరును వాళ్ళ నోటే రప్పించి, అప్పుడు బోర్డు మీద రాయాలి. దీన్ని మేం ఉన్ముఖీకరణ అంటాం. పిల్లలు పొడుపుకథ అంటారు. ఎవరు పెట్టిన పేరు బాగుందో నేను చెప్పను. పింఛను తీసుకుంటున్నవాణ్ణి.

సూత్రం చెడ్డదేమీ కాదు. తెలిసినదాని మీదుగా తెలియనిదానికి నడిపించడం మంచి బోధనే. కాకపోతే, పిల్లవాడి బుర్రలో ఏముందో మనం కనుక్కోవడానికి పుట్టిన సూత్రం, మన బుర్రలో ఏముందో పిల్లవాడు కనుక్కునే ఆటగా మారిపోయింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో యాడికి అనే ఊరి దగ్గర ఒక పల్లెలో చూసిన పాఠం ఇప్పటికీ గుర్తుంది. చెప్పాల్సిన పాఠం ఏనుగు. చెప్పేవాడు బుద్ధిమంతుడైన కుర్రవాడు. సూత్రం తప్పకూడదని కంకణం కట్టుకుని వచ్చాడు.

"అన్నిటికన్నా పెద్ద జంతువు ఏది?"

"ఎనుము సార్."

"దానికన్నా పెద్దది?"

"మా ఎనుము సార్."

"అది అడవిలో ఉంటుంది. దానికి పొడుగాటి ముక్కు ఉంటుంది."

వెనక నుంచి ఒకడు లేచి, "తప్పిపోయిన ఎనుము సార్, కొండలోకి పోయింటాది" అన్నాడు.

గంట కొట్టేదాకా గేదెలే వచ్చాయి, ఏనుగు రాలేదు. కుర్రవాడు చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, "సార్, ఎనుము మీదనే పాఠం చెప్పింటే సరిపోతాండె" అన్నాడు. ఆ మాటలో ఉన్న జ్ఞానం నాకు అప్పుడు అందలేదు. ఉన్ముఖీకరణ ఇంకా మెరుగుపడాలి అని రాసిచ్చాను. ఆ వాక్యాన్ని నేను ఎంతమందికి రాసిచ్చానో తలచుకుంటే, రబ్బరు స్టాంపు చేయించుకుని ఉండాల్సింది అనిపిస్తుంది.

చేనులో పడిన గుండె

మా ప్రిన్సిపాలు గారికి థర్మోకోల్ మీద గట్టి నమ్మకం ఉండేది. పాఠానికి ఉపకరణం ఉండాలి, అది థర్మోకోల్‌దై ఉండాలి, దూరం నుంచి చూస్తే ఏమిటో తెలియాలి. దగ్గర నుంచి చూసినా తెలియని ఉపకరణాలు మా స్టోరు గదిలో చాలా ఉండేవి. మనిషి మంచివాడు. థర్మోకోల్ విషయం కదిలించనంతవరకు అందరితోనూ బాగుండేవాడు.

ధర్మవరం నుంచి రాఘవేంద్ర అని ఒక ట్రైనీ వచ్చాడు. ఇంటిల్లిపాదీ పట్టుచీరలు నేసేవాళ్ళు. చేతిపని ఒంట్లోనే ఉంది. హృదయం పాఠానికి గుండె చేయమంటే, సగం మంచమంత గుండె చేశాడు. మంచి రక్తానికి ఎర్ర పట్టుదారం, చెడు రక్తానికి నీలం పట్టుదారం. మగ్గం మీద మిగిలిన జరీ కూడా ఎక్కడో వాడాడు. మనిషి గుండెలో జరీ ఎక్కడుంటుందని నేను అడగలేదు. అంత అందంగా ఉంది.

దాన్ని కళ్యాణదుర్గం బస్సులో పెట్టుకుని బయల్దేరాడు. నేనూ అదే బస్సులో ఉన్నాను. కండక్టరు దగ్గరికొచ్చి చూశాడు.

"ఏమప్పా, ఏమిది?"

"గుండె అన్నా."

"గుండె లోపల పెట్టుకోవల్ల గాని, సీటు మీద పెడితే జనం యాడ కూకోవల్ల? టాపు మీద ఎయ్యి."

మా వైపు వానకు కరువు గాని గాలికి కరువు లేదు. గాలిమరలు పెట్టిన కంపెనీలవాళ్ళు ఊరికే పెట్టలేదు. ఊరి స్టేజీలో దిగి చూస్తే టాపు మీద తాడు ఉంది, గుండె లేదు. వెనక్కి నడుచుకుంటూ పోయాం. ఒక చెనక్కాయ చేనులో, వేరుశనగ సాళ్ళ మధ్య వెల్లకిలా పడి ఉంది. రైతు దాని పక్కన నిలబడి ఉన్నాడు.

"ఇది మీదేనా నాయనా?"

"మాదే పెద్దయ్యా. గాలికి ఎగిరిపోయినాది."

"ఈడ పడినప్పటి నుంచి ఒక్క పిట్ట కూడా వాలలేదప్పా. రెండు దినాలు ఉండనీయండి. మళ్ళా ఇస్తా."

రాఘవేంద్ర నా మొహం చూశాడు. నేను చేను మొహం చూశాను. ఉండనిమ్మన్నాను.

బడిలో అతను ఉత్త చేతులతో నిలబడి, ఏం చేయాలో తోచక, పిల్లలను బడి చుట్టూ పరుగెత్తించాడు. ఆయాసంతో వచ్చిన పిల్లలను ఛాతీ మీద చెయ్యి పెట్టుకోమన్నాడు. తర్వాత పక్కవాడి ఛాతీకి చెవి ఆనించి వినమన్నాడు. "సార్, వీనిలో ఎవరో ఉండారు" అని ఒక పాప గుసగుసగా చెప్పింది. ఆ ఏడాది నేను చూసిన పాఠాలన్నిట్లోకీ అదే మేలైనది. ప్రిన్సిపాలు గారు మాత్రం ఉపకరణం ఏదని అడిగారు. చేనుకు కాపలా ఉందని చెప్పాం. మార్కులు తగ్గించారు.

కొత్తగా చేరేవాళ్ళకు ఈ విషయంలో నా సలహా ఒకటే. బొమ్మ చేయండి, తప్పు లేదు. అది బస్సు టాపు మీద నుంచి ఎగిరిపోయినా పాఠం చెప్పగలిగేలా చేయండి.

ఏడో తరగతి సీనియర్లు

కళ్యాణదుర్గం దారిలో మాకు ఒక ప్రాక్టీసు బడి ఉండేది. ఏటా మా ట్రైనీలు అక్కడికే పోయేవారు. ఒకటో తరగతి నుంచీ వాళ్ళను చూస్తూ పెరిగిన పిల్లలు ఏడుకు వచ్చేసరికి మా కోర్సు మొత్తం ఒంటబట్టించుకునేవారు. ఎవరు ఎప్పుడు భయపడతారో, ఎవరు బోర్డు మీద వంకరగా రాస్తారో, వెనక బెంచీలో నేను పెన్ను తీస్తే దానర్థమేమిటో అన్నీ తెలుసు వాళ్ళకు. వాళ్ళకే పట్టా ఇచ్చి ఉంటే సరిపోయేది.

ఆ తరగతి లీడరు నాగవేణి అనే పిల్ల. గట్టిగా బిగించి వేసిన రెండు జడలు, అంతకన్నా బిగువైన మాట. కొత్త ట్రైనీ వస్తే వరండాలోనే ఆపేది.

"మేడం, మీ పాఠం పేరేమి? ముందే చెప్పండి."

"చెప్పకూడదు కదమ్మా. మీరే చెప్పాలి."

"మేమే చెప్తాం మేడం. అందుకే అడుగుతాండా. రెండుసార్లు తప్పు చెప్పి మూడోసారి సరిగ్గా చెప్తాం. మొదటిసారే చెప్తే వెనకుండే దొడ్డ సారుకు అనుమానమొస్తాది."

వెనకుండే దొడ్డ సారును నేనే. నాకు అనుమానం రాకుండా అంత శ్రద్ధ తీసుకున్నవాళ్ళు నా ఉద్యోగ జీవితంలో మరెవ్వరూ లేరు. ట్రైనీలందరూ ముందే పేరు చెప్పేవాళ్ళు. పిల్లలు రెండుసార్లు తప్పు చెప్పేవాళ్ళు. మూడోసారి గది అదిరేలా సరైన పేరు చెప్పేవాళ్ళు. ట్రైనీ ఆశ్చర్యం నటించేది. నేను తృప్తి నటించేవాణ్ణి. మా కళాశాల ఫలితాలు చాలా బాగుండేవి.

మాబున్ని

ఈ ఏర్పాటును ఒప్పుకోని ట్రైనీ నాకు ఒక్కతే తగిలింది. పేరు మాబున్ని. కళ్యాణదుర్గం పిల్ల. వాళ్ళ నాయన దస్తగిరి షేరు ఆటో నడుపుతాడు. వాళ్ళ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది ఆమే మొదలు. పిల్లలు ఆమె చుట్టూ బెల్లం చుట్టూ చీమల్లా ఉండేవారు. ఉన్ముఖీకరణ మాత్రం ఆమెకు చేతకాలేదు. నాలుగు ప్రశ్నలు అడిగేలోపే పిల్లలు చెప్పే జవాబుల్లో పడి, తను ఎక్కడికి పోవాలో మరచిపోయేది. ఒకసారి అయస్కాంతం కోసం బయల్దేరి జాతరకు చేరింది. జాతరలో బాగానే గడిచింది.

"ముందే పేరు చెప్పి పెట్టుకోవచ్చు గదమ్మా, అందరూ చేస్తున్నారు" అన్నాను ఒకరోజు. చెప్పకూడని మాటే. చెప్పాను.

"వాళ్ళకు ముందే చెప్పి, మళ్ళా వాళ్ళనే అడిగి, వాళ్ళు చెప్తే నేను నోరు తెరిచేదా సార్? అది నాటకం. నాకు నాటకం రాదు. పాఠమే వచ్చేది రవంత."

మామూలు రోజుల్లో ఈ పట్టుదల చూడముచ్చటగానే ఉండేది. కాని ఆ ఏడాది ఆఖరి ప్రాక్టికల్ పరీక్ష ముందు టీచరు పోస్టుల నోటిఫికేషను వచ్చింది. కోర్సు పాసైతేనే దరఖాస్తు. ఈ పరీక్ష పోతే మళ్ళీ ఏడాది ఆగాలి. ఆగినా, మళ్ళీ నోటిఫికేషను ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. మా ప్రాంతంలో వాన తర్వాత జనం అంతగా ఆకాశం వైపు చూసి ఎదురుచూసేది దాని కోసమే.

ఎక్స్‌టర్నల్ గారి ప్రయాణం

ఆఖరి పరీక్షకు బయటి జిల్లా నుంచి ఒక పరిశీలకుడు వస్తాడు. మేమంతా ఆయన్ను ఎక్స్‌టర్నల్ గారు అనేవాళ్ళం. ఆ ఏడాది వచ్చినాయన కృష్ణా తీరం మనిషి. ఇస్త్రీ నలగదు, మాట తొణకదు. ఆయనకు రెండు అలవాట్లు ఉన్నాయని ముందే వార్త వచ్చింది. ఒకటి, ఏ పాఠం చెప్పాలో పరీక్షనాటి ఉదయమే చెబుతాడు. రెండు, పాఠం పేరు పిల్లల నోట రాకపోతే మిగతా దేనికీ మార్కులు వేయడు. పేరు లేకపోతే పాఠం మొదలే కాలేదని, మొదలు కాని పాఠానికి మార్కులెలా వేస్తామని ఆయన తర్కం. తర్కంలో లోపం లేదు. అదే దానితో ఇబ్బంది.

ఉదయం బస్సు దిగి, మా ప్రాక్టీసు బడికి పోవడానికి ఆయన ఒక షేరు ఆటో ఎక్కారు. కళ్యాణదుర్గంలో ఆటోలు చాలా ఉన్నాయి. ఆయన ఎక్కింది దస్తగిరిది. ఆ ప్రయాణం గురించి నాకు తర్వాత దస్తగిరే చెప్పాడు.

"యాడికి పోతాండారు సార్, బడికా? మా పాపకు ఈ దినం ఆడనే పరీచ్చ. ఎవరో ఎక్స్‌టర్నల్ అంట, కోస్తా పక్క నుంచి వస్తాండాడంట. పాఠం పేరు చెప్పకూడదంట సార్. చూడండి ఇది. నేను బోర్డు పెట్టకుండా ఆటో తోలితే ఎవరన్నా ఎక్కుతారా? మీరు ఎక్కుతారా? ఈ ఆటో యాడికి పోతాదో మీరే కనుక్కోండి అంటే తంతారు గదా సార్ నన్ను."

ఆటోలో ఉన్న మిగతావాళ్ళు కూడా ఈ చర్చలో పాల్గొన్నారట. కట్టెల మోపుతో ఎక్కిన ఒక అవ్వ, "వానికి తిక్క ఉంటాదిలేప్పా" అని తేల్చేసిందట.

ఎక్స్‌టర్నల్ గారు బడి ముందు దిగి, చిల్లర అందిస్తూ, "మీ అమ్మాయి పేరేమిటి?" అని అడిగారట. మాబున్ని అని దస్తగిరి సంతోషంగా చెప్పాడు. "దీవించండి సార్" అని కూడా అన్నాడు. అప్పుడే నేను గేటు దగ్గరికి ఎదురువెళ్ళి, "రండి ఎక్స్‌టర్నల్ గారూ" అన్నాను. దస్తగిరి ఆటో స్టార్టు చేయడం మరచిపోయి, దాన్ని తోసుకుంటూ వేపచెట్టు దాకా పోయాడు.

చచ్చిన గద్దలు

మాబున్నికి వచ్చిన పాఠం వాన. ఏడో తరగతికి, అనంతపురం జిల్లాలో, నీటి చుక్క పడని నెలలో, వాన. ఎక్స్‌టర్నల్ గారికి ఇందులో దురుద్దేశం ఏమీ లేదు. పుస్తకం తెరిస్తే ఆ పేజీ వచ్చింది.

పాఠానికి ముందు కుళాయి దగ్గర నాగవేణి ఆమెను పట్టుకుంది.

"మేడం, పేరు చెప్పండి. గంట కొట్టేలోపల క్లాసుకంతా చెప్పి పెడతా."

"వద్దు నాగవేణి."

"మేడం, ఈ సారు శానా కఠినమంట."

"ఐతే ఏమి? మీరు మీకు తెలిసింది చెప్పండి. అంతే."

నాగవేణి నా వైపు చూసింది. నేను కుళాయి వైపు చూశాను. చెప్పేయమ్మా అని లోపల అనుకుంటూనే ఉన్నాను.

గంట కొట్టారు. ఎక్స్‌టర్నల్ గారూ నేనూ చివరి బెంచీలో, పొడుగు పిల్లల మధ్య ఇరుక్కున్నాం. మాబున్ని సుద్దముక్క పట్టుకుని మొదలుపెట్టింది. అలాంటప్పుడు పుస్తకం భాష మాట్లాడాలని మేమే నేర్పించాం.

"ఆకాశంలో నల్లగా, గుంపులుగా వెళ్ళేవి ఏవి?"

"కాకులు మేడం."

"కాకులు కాదు. ఇంకా పెద్దవి."

"గద్దలు."

"వాటికి ప్రాణం ఉండదు."

గదిలో ఆలోచన. తర్వాత ఒక గొంతు, "చచ్చిన గద్దలు."

ఎక్స్‌టర్నల్ గారు ఏదో రాసుకున్నారు. చివరికి ఎవరో జాలిపడి మబ్బులు అన్నారు. మాబున్ని ఊపిరి పీల్చుకుంది.

"మబ్బులు వస్తే ఏమవుతుంది?"

"పోతాయి మేడం."

"పోయేముందు?"

"నీడ పడతాది."

"నీడ కాకుండా?"

"ఉరుముతాయి."

"ఉరిమిన తర్వాత?"

"మా నాయన మంచం లోపలేస్తాడు."

"ఎందుకు వేస్తాడు?"

"మళ్ళా బయటేసేదానికి."

ఇది ఎంతసేపు సాగిందో చెప్పను. చెనక్కాయ వచ్చింది, బోరుబావి వచ్చింది, పక్కింటివాళ్ళ గొడుగు కూడా వచ్చింది. వాన మాత్రం రాలేదు. బోర్డు మీద పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఎక్స్‌టర్నల్ గారు పెన్నుకు మూత పెట్టారు. పరీక్షల్లో అది మంచి శకునం కాదు.

మాబున్ని సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. పుస్తకం భాష కూడా అక్కడే పెట్టింది.

"సరే ఇడ్సిపెట్టండప్పా. మీరు చెప్పిందే నిజం. మబ్బులొస్తాయి, పోతాయి. ఎందుకు పోతాయి? మనమేం పాపం చేసినాం? మీకెవరికీ ఎప్పుడూ కోపం రాలేదా?"

తరగతి ఒక్కసారిగా లేచి కూర్చుంది. కోపం వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు.

"బెంగుళూరోళ్ళు దుడ్లిచ్చి పిలుచుకుంటారంట మేడం."

"మా తాత కొండను తిడతాడు."

"ఆగు. కొండను ఎందుకు తిడతాడు?"

"ఆడనే ఆగిపోతాదంట."

"మీ తాత ఊరికే తిట్టలేదు. ఎనకబెంచీవాళ్ళు లేయండి. మీరే కొండలు."

కేరళ, అనంతపురం

పొడుగు పిల్లలు చేతులు కలుపుకుని గదికి అడ్డంగా గోడలా నిలబడ్డారు. అవి పశ్చిమ కనుమలు. తాగే నీళ్ళ బకెట్టును మా బెంచీ పక్కకు తెప్పించింది. అది సముద్రం. బోర్డు తుడిచే గుడ్డ మబ్బు. పరీక్ష అట్టతో విసిరే నాగవేణి గాలి. గోడకు ఇటు సముద్రం, అటు మిగతా తరగతి. ఎక్స్‌టర్నల్ గారు పొరపాటున కేరళలో కూర్చున్నారు.

గుడ్డను బకెట్టులో ముంచి, ఒక పిల్లవాడు పైకెత్తి పట్టుకుని కొండల మీదికి వచ్చాడు.

"మబ్బు కొండెక్కల్ల. బరువుతో ఎక్కుతాదా? దించుకుంటాది. పిండు."

పిండాడు. కొండలు తడిసి కేకలు పెట్టాయి. కేరళ కూడా తడిసింది. నా చొక్కా మీద కొంత, ఎక్స్‌టర్నల్ గారి ఇస్త్రీ మీద చాలా. ఆయన కదల్లేదు. కదలడానికి చోటు లేదు.

"ఇప్పుడు కొండ దాటినాది. పిండు."

అటువైపు పిల్లలందరూ మొహాలు పైకెత్తి చూస్తున్నారు. పిల్లవాడు బలమంతా పెట్టి పిండాడు. ఒక్క చుక్క పడింది. అదీ కిటికీ పక్కన కూర్చున్న పిల్ల మీద.

"మేడం, ఆ యమ్మికి పడింది. మాకు?"

"ఆ యమ్మిది కణేకల్లు. ఆడ కాలవ కూడా ఉండాది. మీకు లేదు. మీరు అనంతపురం."

"ఇది అన్యాయం మేడం."

"అన్యాయం కాదప్పా. కొండ నీడ. ఎండకు నీడుంటాది గదా, వానకూ నీడుంటాది. మనం ఆ నీడలో ఉండాం."

మళ్ళీ చేయమన్నారు. కొండలు ఎక్కడ ఉంటే తమకు పడుతుందో తామే జరిపి చూశారు. ఒకడు కొండలను బయట వరండాలో పెట్టమన్నాడు. కొండలు ఒప్పుకోలేదు. గాలి ఎదురు దిక్కు నుంచి వస్తే ఏమవుతుందని ఒకరు అడిగితే నాగవేణి ఇటు నుంచి అటు పరుగెత్తి విసిరింది. గంట కొట్టింది ఎవరికీ వినపడలేదు. చివరికి హెడ్మాస్టరు వచ్చి గుమ్మంలో నిలబడితే గదిలో నీళ్ళు, బోర్డు మీద ఏమీ లేదు.

పిల్లలు మధ్యాహ్న భోజనానికి పళ్ళేల కోసం పరుగెత్తారు. ఎక్స్‌టర్నల్ గారు రుమాలుతో కాగితాలు తుడుచుకుంటూ, "శీర్షిక ఎక్కడమ్మా?" అన్నారు.

"బిడ్డ పుట్టినాక గదా సార్ పేరు పెట్టేది" అంది మాబున్ని. "కడుపులో ఉండంగానే యట్ల పెడతారు?"

అని, గది తుడవడానికి గుడ్డ తీసుకుంది.

అనంతపురం వైపు మెతుకులు

వరండాలో రెండు కుర్చీలు వేశారు. ఆయన తడిసిన కాగితాలు తొడ మీద పెట్టుకుని కూర్చున్నారు. దూరంగా వేపచెట్టు కింద దస్తగిరి ఆటో చక్రాన్ని చూస్తున్నట్టు నటిస్తున్నాడు.

"నేను ఆటోలో విన్న మాటలు మనసులో పెట్టుకోవడం లేదండీ" అన్నారు ఎక్స్‌టర్నల్ గారు.

"పెద్దవారు" అన్నాను.

"కానీ శీర్షిక లేదు. లేనిదాన్ని ఉందని నేనెలా రాయగలను?"

ఆ సూత్రాన్ని ఏళ్ళ తరబడి చెప్పినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. పరీక్ష పోయిందనే అనుకున్నాను.

నాగవేణి పళ్ళెం నిండా అన్నం, ఒక పక్కన సాంబారు పెట్టించుకుని వచ్చి, ఎవరూ పిలవకుండానే ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"సార్, మా మేడం పాసా?"

"ఒక రూలు ఉందమ్మా. దాని ప్రకారం..."

"రూలు ప్రకారం మాకు ఈ దినం గుడ్డు రావల్ల సార్. బండి రాలేదు. ఐనా తింటాండాం."

"నిజం చెప్పు. అన్ని ప్రశ్నలు అడిగింది కదా, పాఠం పేరు వాన అని మీలో ఒక్కరికీ తట్టలేదా?"

"మొదటి ప్రశ్నకే తెలుసు సార్. మొదటే చెప్తే మీకు అనుమానమొచ్చి మార్కులు కోస్తారని గమ్మునున్నాం. రెండు తప్పులైనాక చెప్దామనుకున్నాం. ఐతే పేరు అదేనని మేడం మాకు ముందే చెప్పలేదు. అదో కాదో, ఎవరు ధైర్యం చేస్తారు సార్?"

ఎక్స్‌టర్నల్ గారు నా వైపు చూశారు. ఈసారి చూడడానికి నాకు కుళాయి కూడా లేదు.

మా పరిశోధనా వ్యాసాల్లో ఎక్కడా కనపడని సంగతి ఇది. తెలిసినదాన్ని దాచిపెట్టడం ఆ పిల్లలకు మేమే నేర్పాం. చాలా బాగా నేర్పాం.

"సరే. తర్వాత ఆవిడ చెప్పింది ఏమైనా అర్థమైందా, లేక నీళ్ళాట బాగుందా?" అన్నారాయన.

"నీళ్ళాట బాగుంది సార్" అంది నాగవేణి. చేత్తో పళ్ళెంలో అన్నాన్ని మధ్యకు తోసి గట్టుగా చేసింది. ఇటువైపున్న సాంబారును వేళ్ళతో గట్టు మీదికి నెట్టింది. అది గట్టు ఎక్కబోయి, ఎక్కలేక, ఇటే జారిపోయింది. "ఇది కేరళ సార్. వాళ్ళకు మునక్కాయ కూడా పడినాది చూడండి." తర్వాత పళ్ళేన్ని ఆయన వైపు తిప్పింది. గట్టుకు అవతల మెతుకులు తెల్లగా, పొడిగా, విడివిడిగా ఉన్నాయి. "ఇది మేము."

ఆయన ముందుకు వంగి ఆ మెతుకులను చూశారు.

"చూసినారు గదా సార్. ఇప్పుడు ఈ పక్క నేను యట్ల తినేది?"

ఎక్స్‌టర్నల్ గారు కాగితాలు నా ఒళ్ళో పెట్టి లేచారు. వంటామె దగ్గరికి పోయి, సాంబారు బకెట్టూ గరిటే అడిగి తెచ్చుకున్నారు. వంగి, ఆ తెల్లటి మెతుకుల మీద ఒక గరిటె నిండుగా పోశారు.

"శీర్షికకు సున్నా వేయండి" అన్నారు నాతో, గరిటె దించకుండానే. "మిగతా అన్నిటికీ వేయగలిగినంత వేయండి. నేను సంతకం పెడతాను."

నేను పెన్ను మూత తీశాను. వేపచెట్టు కింద దస్తగిరి లేచి నిలబడ్డాడు.

"చాలా?" అని ఆయన నాగవేణిని అడిగారు.

నాగవేణి పళ్ళేన్ని ఇంకాస్త ముందుకు జరిపింది.

"ఇంకొంచెం పోయండి సార్. మళ్ళా ఎప్పుడొస్తారో ఏమో."